చేప ఒక్కటే తెలిసినవాడు

రెజ్యూమె రాయడానికి కూర్చున్నప్పుడు మీ చెయ్యి ఎక్కడ ఆగుతుందో నాకు తెలుసు. ‘స్కిల్స్’ అని రాసి ఉన్న చోట. ఒక్కటే రాస్తే గడి బోసిగా కనిపిస్తుందని భయం. అందుకే జావా, పైథాన్, ఎంఎస్ ఆఫీస్, టీమ్‌వర్క్, లీడర్‌షిప్ అంటూ గుర్తొచ్చినవన్నీ కుక్కేస్తాం. నా మొదటి రెజ్యూమెలో పదకొండు స్కిల్స్ ఉండేవి. ఇంటర్వ్యూ చేస్తున్నాయన వాటిలో ఒకదాని మీద వేలు పెట్టి, దీని గురించి ఓ పది నిమిషాలు చెప్పమన్నారు. రెండు నిమిషాలకే నా దగ్గర సరుకు అయిపోయింది. మిగిలిన ఎనిమిది నిమిషాలు ఇద్దరం ఏసీ చప్పుడు విన్నాం.

ఆ గడిలో ఒక్క ముక్క మాత్రమే రాయగలిగిన మనిషి గురించి ఈరోజు చెప్తాను. పేరు జిల్బేర్ లె కోజ్. ఫ్రాన్స్ దేశస్థుడు, వంటవాడు. క్యాటరింగ్ కాలేజీకి వెళ్లలేదు. పేరున్న చెఫ్ ఎవరి దగ్గరా శిష్యరికం చేయలేదు. ఆయన రెజ్యూమె రాసుకుని ఉంటే ‘చేప తెలుసు’ అన్న ఒక్క వాక్యమే ఉండేది. ఆ ఒక్కదానితో పారిస్‌లో, ఆ తర్వాత న్యూయార్క్‌లో ఆయన నడిపిన రెస్టారెంట్ పేరు లె బెర్నార్డాన్. ఖరీదైన హోటల్లో చేపను ఎలా వండాలి, ఎలా వడ్డించాలి అన్న విషయంలో అమెరికా ఆలోచనను మార్చిన రెస్టారెంట్ ఏదని వంటవాళ్లను అడిగితే ముందుగా వినపడే పేర్లలో అదొకటి. జిల్బేర్ 1994లోనే చనిపోయాడు. మీలో చాలామంది అప్పటికి పుట్టనేలేదు.

ఫ్రాన్స్‌కి పడమటి కొసన, అట్లాంటిక్ సముద్రంలోకి ముక్కులా పొడుచుకొచ్చిన ప్రాంతం బ్రిటని. అక్కడ మోర్బియాన్ అనే అఖాతం మొదట్లో పోర్ట్ నవాలో అని చిన్న రేవు ఉంది. పడవలు, అలలు, వలలు, వేసవిలో వచ్చే సందర్శకులు. లె కోజ్ కుటుంబానికి అక్కడ ఓ హోటల్ ఉండేది. జిల్బేర్, తోడబుట్టిన మగీ అందులోనే పెరిగారు. పెరిగారంటే ఆడుకుంటూ పెరిగారని కాదు. కుటుంబ హోటల్ ఉన్న ఇళ్లలో పిల్లల సంగతి మీకు తెలిసిందే కదా. మన ఊళ్లో టిఫిన్ సెంటర్ నడిపేవాళ్ల పిల్లలు బడికి వెళ్లేముందు చట్నీ గిన్నెలు సర్దినట్టే, వీళ్లూ చిన్నప్పటి నుంచి పనిలోనే ఉన్నారు. జిల్బేర్‌ది వంటగది వైపు, మగీది అతిథుల వైపు. ఈ పంపకం ఆ తర్వాత ముప్పై ఏళ్లు మారలేదు.

రేవు ఊళ్లో పెరిగిన పిల్లాడికి చేప గురించి ఎవరూ పాఠం చెప్పరు. పొద్దున్నే పడవ దిగిన చేప ఎలా ఉంటుందో, మధ్యాహ్నానికి దాని కన్ను ఎలా మసకబారుతుందో, మొప్పల్లో ఎరుపు ఎప్పుడు గోధుమ రంగుకు తిరుగుతుందో చూస్తూ చూస్తూనే వచ్చేస్తుంది. వేలితో నొక్కితే కండ తిరిగి పైకి లేవాలి. లేవకుండా సొట్ట అలాగే ఉండిపోతే అది పాత సరుకు. తాజా సముద్రపు చేపకు నీచు వాసన ఉండదు, సముద్రపు గాలి వాసన ఉంటుంది. ఇదంతా మన కాకినాడలోనో భీమిలిలోనో చేపలమ్మే ఏ అమ్మనడిగినా చెప్తుంది. ఆశ్చర్యం ఏంటంటే, అప్పట్లో పారిస్‌లోని పెద్ద పెద్ద రెస్టారెంట్లలో చాలామంది దీన్ని అంతగా పట్టించుకునేవారు కాదు.

1960లలో అన్నాచెల్లెళ్లో అక్కాతమ్ముళ్లో, ఆ ఇద్దరూ పారిస్ బస్సెక్కే మన కుర్రాళ్లలాగే నగరానికి బయల్దేరారు. (ఎవరు పెద్ద అనే లెక్కలోకి నేను పోవడం లేదు. వాళ్ల కథలో ఇద్దరూ సమానమే.) బార్లలో, రాత్రిపూట తెరిచి ఉండే క్లబ్బుల్లో చిన్న చిన్న పనులు చేశారు. నగరం ఎలా తింటుందో, ఎలా ఖర్చు పెడుతుందో, ఎవరు దేనికి మెచ్చుకుంటారో చూశారు. 1972లో సెన్ నది ఒడ్డున, కే ద లా తుర్నెల్ అనే వీధిలో చిన్న రెస్టారెంట్ తెరిచారు. నాన్న వాళ్లకు చిన్నప్పుడు పాడి వినిపించే ఓ పాటలో, తిండీ తాగుడూ బాగా ఇష్టపడే సన్యాసుల గుంపు ఒకటి ఉండేది. ఆ సన్యాసుల పేరే రెస్టారెంట్‌కి పెట్టుకున్నారు.

మెనూలో ఉన్నది చేపలు, ఇతర సముద్రపు ఆహారం మాత్రమే. మాంసం లేదు. ఇప్పుడు మనకిది మామూలుగా అనిపించొచ్చు. కానీ అప్పటి ఫ్రెంచ్ పెద్ద వంటలో చేప అంటే మాంసానికి ముందు వచ్చే చిన్న వంటకం. దాన్ని బాగా ఉడికించి, మీద క్రీమూ వెన్నా పిండీ కలిపిన చిక్కటి సాస్ పోసి, చేప కనపడకుండా చేసి పంపేవాళ్లు. గొప్పతనమంతా సాస్‌ది. కింద ఉన్నది నిన్నటి చేపా మొన్నటిదా అన్నది ఎవరికీ తెలిసేది కాదు.

మొదటి రోజులు

ఇక్కడ మీరు విజయగాథ మొదలవుతుందని అనుకుంటున్నారేమో. కాదు. మొదలు చాలా ఘోరంగా జరిగింది. ఇద్దరికీ పారిస్ స్థాయిలో రెస్టారెంట్ నడిపిన అనుభవం లేదు. ఊళ్లో సందర్శకులకు భోజనం పెట్టడం వేరు, నోరు తెరిస్తే తప్పు పట్టే నగరంలో బల్ల మీద గుడ్డ పరవడం వేరు. మొదట్లో వచ్చిన సమీక్షలు ఉతికి ఆరేశాయి. చేతిలో డబ్బు తక్కువ, వంటగదిలో మనుషులు తక్కువ, జిల్బేర్‌కి వచ్చిన వంటకాలూ తక్కువే. అమ్మానాన్నల హోటల్లో చూసినవి, వెన్నతో, నిమ్మతో చేసే తేలిక వంటలు, అంతే.

ఇలాంటప్పుడు మనం ఏం చేస్తాం? నేనైతే వెంటనే కోర్సుల్లో చేరతాను. అవతలివాళ్లకున్నవి మనకు లేవు కదా అని అవన్నీ ఒకేసారి నేర్చేసుకోవాలని చూస్తాను. జిల్బేర్ సాస్‌ల విషయంలో పెద్ద పెద్ద చెఫ్‌లతో పోటీకి దిగలేదు. తనకు నిజంగా తెలిసిన చోటికే, అంటే చేప దగ్గరికే వెళ్లాడు.

పారిస్‌కి దక్షిణంగా రంజిస్ అని మహా పెద్ద టోకు మార్కెట్ ఉంది. నగరం మధ్యలో ఉండే పాత మార్కెట్‌ను 1969లో అక్కడికి మార్చారు. చేపల షెడ్డు అర్ధరాత్రి దాటాక తెరుస్తారు. సరఫరాదారుకి ఫోన్ చేసి సరుకు తెప్పించుకునే పద్ధతి అందరికీ ఉండేది. జిల్బేర్ మాత్రం తనే వెళ్లేవాడు. రెస్టారెంట్ మూసి, అందరూ పడుకునే వేళకి అక్కడుండేవాడు. ఒక్కో పెట్టె తెరిపించడం, మొప్పలు ఎత్తి చూడడం, నొక్కడం, వాసన చూడడం, వద్దనడం. కొన్నది తెచ్చి మర్నాడు వండడం. ఇదే రోజూ.

చేప బాగున్నప్పుడు దాన్ని దాచడానికి సాస్ అవసరం లేదు. బాగా ఉడికించి చంపాల్సిన అవసరమూ లేదు. అలా ఆయనకు తెలియని విషయాల కొరతే ఆయన శైలి అయిపోయింది. తక్కువ వండడం, తక్కువ కలపడం, అసలు సరుకు కనపడేలా వడ్డించడం. కొన్ని వంటకాల్లో దాదాపు పచ్చిగానే.

దీనికి కాలమూ కలిసొచ్చింది. 1973లో గో, మియో అనే ఇద్దరు ఫ్రెంచ్ ఆహార పాత్రికేయులు కొత్త వంటకు పది సూత్రాలంటూ ప్రకటించారు. ఎక్కువ ఉడికించొద్దు, పిండి కలిపిన బరువు సాస్‌లు వదిలేయండి, మార్కెట్లో ఆరోజు తాజాగా దొరికిందే వండండి. అంతకుముందే త్రువాగ్రో సోదరులు సాల్మన్ చేపను పలచటి ముక్కలుగా కోసి, పెనం మీద కొన్ని క్షణాలే ఉంచి దించే వంటకంతో పేరు తెచ్చుకున్నారు. గాలి అటు వీస్తోంది. జిల్బేర్ ఆ ఉద్యమం చదివి అందులోకి రాలేదు. చేపల రేవు నుంచి నడుచుకుంటూ వచ్చి అదే కూడలిలో వాళ్లను కలిశాడు.

ఒక మాట. ‘చదువుకోకుండానే పైకొచ్చాడు’ అన్న కథల్ని మనం చాలా తేలిగ్గా షేర్ చేసేస్తుంటాం. నాకు ఆ రకం కథలంటే కాస్త చిరాకు. జిల్బేర్‌కి పట్టా లేదు, నిజమే. కానీ బుద్ధి తెలిసినప్పటి నుంచీ చేపలను చూసిన కన్ను ఉంది, హోటల్ పనిలో గడిచిన బాల్యం ఉంది. మనం ఇంజినీరింగ్‌లో నాలుగేళ్లు గడిపితే ఆయన రేవులో అంతకు మూడు నాలుగు రెట్లు గడిపాడు. దాన్ని ఏ విశ్వవిద్యాలయమూ సర్టిఫికెట్‌గా అచ్చు వేయలేదు, అంతే తేడా.

చేప లోపలి ఇంజినీరింగ్

నేను ఇంజినీరింగ్ వాణ్ని కాబట్టి ఈ సంగతి చెప్పకుండా ముందుకు పోలేను. జిల్బేర్ కన్నుతో, వేలితో తెలుసుకున్నదానికి కారణాలు సైన్స్ పుస్తకాల్లో ఉన్నాయి.

మేక గానీ కోడి గానీ నేల మీద తన బరువు తనే మోయాలి. అందుకని కండల్ని పట్టి ఉంచడానికి గట్టి పీచులాంటి కొల్లాజెన్ బాగా కావాలి. మాంసాన్ని గంటలకొద్దీ ఉడికించేది అది కరగడానికే. చేప బరువును నీళ్లు మోస్తాయి. దాని కండ పొరలు పొరలుగా, చిన్న చిన్న పోగులుగా ఉంటుంది. మధ్యలో ఉన్న కొల్లాజెన్ తక్కువ, బలహీనం, కొద్ది వేడికే కరిగిపోతుంది. అందుకే చేప ముక్క లోపల వేడి 50-60 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉన్నప్పుడే అది తినడానికి సిద్ధం. అది దాటితే ప్రొటీన్ గట్టిపడి, లోపలి తడిని బయటికి పిండేస్తుంది. పొడి పొడిగా, పీచులా తయారవుతుంది. మాంసం వంటలో పది నిమిషాలు అటూ ఇటూ అయినా కొంప మునగదు. చేప వంటలో ఒక్క నిమిషం తేడా వస్తే అయిపోయినట్టే.

ఇంకొకటి. సముద్రపు చేప ఉప్పునీటిని తట్టుకోవడానికి ఒంట్లో ఒక రసాయనాన్ని పోగుచేసుకుంటుంది. చేప చచ్చాక బ్యాక్టీరియా దాన్ని ట్రైమిథైల్ అమీన్‌గా మారుస్తుంది. మనం నీచు వాసన అనేది ముఖ్యంగా దాన్నే. చింతపండు, నిమ్మ వంటి పులుపు ఆ వాసనను కట్టేస్తుంది. మన అమ్మమ్మలు పులుసు పెట్టింది ఊరికే కాదు. ఇక చల్లటి సముద్రంలో బతికే చేపల ఎంజైములూ, వాటి మీది బ్యాక్టీరియా చల్లదనానికి అలవాటు పడి ఉంటాయి కాబట్టి, ఫ్రిజ్‌లో పెట్టినంత మాత్రాన ఆగవు. మామూలు ఫ్రిజ్‌లో కన్నా కరుగుతున్న ఐసు మధ్య ఉంచితే చేప దాదాపు రెట్టింపు కాలం నిలుస్తుంది. ఎంత బాగా వండినా పడవ నుంచి వంటగది దాకా జరిగిన నిర్లక్ష్యాన్ని సరిదిద్దలేం. జిల్బేర్ నిద్ర మానుకుని మార్కెట్‌కి వెళ్లడంలో ఉన్న లెక్క ఇది. ఆయన వంట పొయ్యి దగ్గర కాదు, మార్కెట్ షెడ్డులోనే మొదలయ్యేది.

నాలుగేళ్లు పట్టింది. 1976లో మిషెలిన్ గైడ్ లె బెర్నార్డాన్‌కు ఒక నక్షత్రం ఇచ్చింది. (టైర్ల కంపెనీ మిషెలినే. కార్లలో తిరిగేవాళ్లు ఎక్కడ తినాలో చెప్పడానికి మొదలైన ఈ పుస్తకం రెస్టారెంట్లకు ఒకటి నుంచి మూడు దాకా నక్షత్రాలు ఇస్తుంది. మూడంటే దానికోసమే ప్రయాణం కట్టొచ్చని అర్థం.) 1980లో రెండో నక్షత్రం వచ్చింది. ఆ తర్వాత ఆర్క్ ద త్రయోంఫ్ దగ్గర మరో పెద్ద చోటుకి మారారు. ఉతికి ఆరేసిన ఊళ్లోనే బల్ల దొరకడం కష్టమైంది.

ఇక్కడితో ఆగిపోయినా ఎవరూ ఏమీ అనరు. సెటిలైపోయాడనే అంటారు.

కానీ 1980ల మధ్యలో న్యూయార్క్ నుంచి పిలుపొచ్చింది. ఈక్విటబుల్ అనే పెద్ద బీమా సంస్థ మాన్‌హటన్ మధ్యలో కొత్త ఆకాశహర్మ్యం కడుతోంది. అందులో పేరున్న రెస్టారెంట్ ఒకటి ఉండాలని వాళ్ల ఉద్దేశం. ఆ భవనంలో, 51వ వీధి వైపు చోటు ఇస్తామన్నారు. ఊహించుకోండి. భాష సరిగా రాదు. పారిస్‌లో పద్నాలుగేళ్లు కట్టుకున్న పేరు ఉంది. అక్కడ కొత్తగా మళ్లీ సున్నా నుంచి. పైగా అమెరికా మంచి రెస్టారెంట్లలో చేపకు అప్పట్లో అంత గౌరవం లేదు. డబ్బున్నవాళ్ల విందు అంటే బీఫ్ స్టేక్. ఫ్రెంచ్ రెస్టారెంట్లు కూడా గొప్ప చేప కావాలంటే యూరప్ నుంచి విమానంలో తెప్పించుకునేవి. పచ్చి చేప అంటే జపాన్ వాళ్ల సుషీ బార్‌లో తినేది, అంతే.

1986 జనవరిలో న్యూయార్క్ లె బెర్నార్డాన్ తెరుచుకుంది.

జిల్బేర్ అక్కడా మొదట చేసిన పని తెలిసిందే. మాన్‌హటన్ దక్షిణ కొసన, బ్రూక్లిన్ వంతెన పక్కన, ఈస్ట్ రివర్ ఒడ్డున ఫుల్టన్ చేపల మార్కెట్ ఉండేది. అదీ రాత్రంతా నడిచే మార్కెట్టే. నేల మీద ఐసు నీళ్లు, చేతుల్లో కొక్కేలు, నోట్లో బూతులు. అక్కడి వ్యాపారులు తరతరాలుగా హోటళ్లకు సరుకు పంపుతున్నవాళ్లు. పారిస్ నుంచి వచ్చిన చెఫ్ ఒకడు తెల్లవారుజామున వాళ్ల పెట్టెలు తెరిచి మొప్పలు ఎత్తి చూడడం, సగం సరుకు పక్కకి తోసేయడం వాళ్లకి కొత్త. మళ్లీ మర్నాడూ వచ్చాడు. ఆ మర్నాడూ వచ్చాడు. మంచి సరుకుకు మంచి ధర ఇస్తాడని, చెడ్డదాన్ని కనిపెట్టేస్తాడని తెలిశాక వాళ్లే మంచివి తీసి పక్కన పెట్టడం మొదలైంది.

ఆ పెట్టెల మధ్య ఆయనకు ఇంకొకటి కనిపించింది. అమెరికా సముద్రంలో దొరికే కొన్ని రకాల్ని అక్కడివాళ్లు చెత్త కింద జమకట్టేవారు. మాంక్‌ఫిష్ అని, పెద్ద తల, వికారమైన నోరు ఉన్న చేప. గాలిపటంలా చదునుగా ఉండే స్కేట్. నల్లటి ముళ్లబంతిలాంటి సీ అర్చిన్. బ్రిటనిలో పెరిగినవాడికి ఇవన్నీ ఇంటి భోజనం. వాటిని న్యూయార్క్‌లోకెల్లా ఖరీదైన బల్లల మీద పెట్టాడు.

మీరు అప్పట్లో ఆ బల్ల దగ్గర కూర్చున్నారనుకోండి. పైన టేకు చెక్కతో చేసిన ఎత్తయిన కప్పు, గోడల మీద సముద్రాన్నీ జాలర్లనూ చూపించే పెద్ద పెద్ద చిత్రాలు. బల్లలకూ బల్లలకూ మధ్య పక్కవాళ్ల మాట వినపడనంత దూరం. మొదటి పళ్లెం వస్తుంది. కాగితమంత పలచగా కొట్టిన పచ్చి ట్యూనా, పళ్లెమంతా పరిచి ఉంటుంది. పైన ఆలివ్ నూనె మెరుపు, ఉల్లికాడలకు చుట్టాలైన చైవ్స్ సన్నగా తరిగి చల్లినవి. ఇంకేమీ లేదు. తర్వాత సీ అర్చిన్, దాని ముళ్ల డిప్పలోనే, గోరువెచ్చటి వెన్నతో. ఆ తర్వాత మాంక్‌ఫిష్ ముక్క, కింద క్యాబేజీ, బేకన్ రుచి ఎక్కిన వెన్న సాస్. క్యాబేజీ! ఫైన్ డైనింగ్‌కి వచ్చి, బోలెడు డబ్బు కట్టి, జనం చెత్తనుకునే చేపను క్యాబేజీతో తినడం. కత్తితో నొక్కకుండానే చేప పొరలుగా విడిపోతుంది. లోపల ముత్యంలా కాస్త పారదర్శకంగా, తడిగా ఉంటుంది. వంట పూర్తి కాలేదేమో అని వెయిటర్‌ని పిలవబోయి, ఒక ముద్ద తిని ఆగిపోతారు.

అలా పిలిచినవాళ్లూ ఉండే ఉంటారు. వాళ్లకు సర్దిచెప్పాల్సింది మగీ. ఈ కథలో ఆమె గురించి తక్కువ రాస్తారు, అది నాకు నచ్చదు. ఎవరిని ఎక్కడ కూర్చోబెట్టాలి, కొత్త రుచికి భయపడే అతిథితో ఏం మాట్లాడాలి, వెయిటర్లు పళ్లెం ఎటునుంచి పెట్టాలి, లెక్కలు ఎలా తేలాలి, ఇవన్నీ ఆమె చేతిలో ఉండేవి. జిల్బేర్ వండినదాన్ని నగరం ఒప్పుకునేలా చేసింది ఆమే. మీలో కోడింగ్ కన్నా మనుషులతో మాట్లాడడం బాగా వచ్చినవాళ్లు, అదేదో రెండో రకం నైపుణ్యమని సిగ్గుపడేవాళ్లు, ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. ఆ రెస్టారెంట్ ఇప్పటికీ నడుస్తోందంటే ప్రధాన కారణం ఆవిడ.

న్యూయార్క్ టైమ్స్ పత్రిక రెస్టారెంట్లకు నాలుగు నక్షత్రాల దాకా ఇస్తుంది. నాలుగు అందుకున్నవి నగరం మొత్తం మీద ఎప్పుడూ వేళ్ల మీద లెక్కపెట్టేన్నే ఉంటాయి. లె బెర్నార్డాన్‌కు తెరిచిన కొన్ని నెలల్లోనే నాలుగూ వచ్చాయి. పారిస్‌లో మొదటి నక్షత్రానికి నాలుగేళ్లు పట్టిన ఇద్దరికి ఇక్కడ ఏడాదిలో సగం కూడా పట్టలేదు. తర్వాతి ఏళ్లలో పచ్చి ట్యూనా, సగం వండిన సాల్మన్, స్కేట్, మాంక్‌ఫిష్ అన్నీ అమెరికా అంతటా మెనూల్లోకి ఎక్కాయి. చేపల వ్యాపారులు కూడా చెఫ్ అడిగే ప్రశ్నలకు అలవాటు పడ్డారు. చెత్త చేపల ధరలు పెరిగాయి. ఇది మంచికా చెడుకా అన్నది వేరే చర్చ. ఫ్యాషన్‌గా మారిన చేపకు వల ఎక్కువ పడుతుందన్నది సముద్రం సంగతి తెలిసినవాళ్లెవరైనా ఒప్పుకుంటారు.

90ల మొదట్లో మయామీలో, అట్లాంటాలో కాస్త తక్కువ ధరల్లో తినగలిగేలా బ్రాసరీ లె కోజ్ పేరుతో రెస్టారెంట్లు తెరిచారు. పని పెరిగింది. న్యూయార్క్ వంటగదికి నమ్మకమైన చెయ్యి కావాలి.

ఇంకొకరి చేతికి

మీరు పని చేయబోయే ప్రతిచోటా ఈ సమస్య ఎదురవుతుంది. ఒక మనిషి కంటిలో, వేలిలో ఉన్న జ్ఞానం కాగితం మీదికి ఎక్కదు. సాఫ్ట్‌వేర్‌లోనూ అంతే. సిస్టమ్ మొత్తం తెలిసిన సీనియర్ ఒకరుంటారు, డాక్యుమెంటేషన్ ఉండదు. ఆయన సెలవు పెడితే అందరికీ చెమటలు పడతాయి. లె బెర్నార్డాన్ నిండా ఉన్నది జిల్బేర్ తీర్పే. ఈ చేప వద్దు, ఇది చాలు, ఇప్పుడు దించు.

1991లో ఎరిక్ రిపేర్ అనే యువకుడు వంటగదిలో చేరాడు. దక్షిణ ఫ్రాన్స్ కుర్రాడు. జిల్బేర్‌కి పూర్తిగా వ్యతిరేకమైన దారిలో వచ్చినవాడు. వంట కళాశాలలో చదివాడు, పారిస్‌లో రొబుషోన్ లాంటి కఠినమైన గురువు దగ్గర క్రమశిక్షణ నేర్చాడు. పట్టా లేని మనిషి, పట్టా ఉన్న మనిషిని పక్కన పెట్టుకున్నాడు. సాస్‌ల పని బాగా తెలిసిన ఆ కుర్రాడు ఇక్కడికి వచ్చి నేర్చుకోవాల్సింది సాస్ ఎక్కడ ఆపాలో. చేప కోసమే సాస్ గానీ సాస్ కోసం చేప కాదన్నది ఆ ఇంటి రాజ్యాంగం. మూడేళ్లు పక్కపక్కన పనిచేశారు.

1994 జులైలో జిల్బేర్ గుండెపోటుతో హఠాత్తుగా చనిపోయాడు. యాభై ఏళ్లు నిండలేదు.

పేరు ఆయనది, కన్ను ఆయనది, మార్కెట్లో వ్యాపారులతో బంధం ఆయనది. యజమాని చెఫ్ పోతే అలాంటి రెస్టారెంట్లు కొన్ని నెలలు పాత పేరు మీద నడిచి మూతపడడం మామూలే. మగీ ముందు రెండు దారులున్నాయి. అమ్మేసి ఫ్రాన్స్ వెళ్లిపోవడం ఒకటి. చిన్నప్పటి నుంచి పక్కనున్న మనిషి లేని వంటగది తలుపును రోజూ చూస్తూ పని చేయడం రెండోది. ఆవిడ రెండోదే ఎంచుకుంది. వంటగదిని ఇరవై తొమ్మిదేళ్ల రిపేర్ చేతికిచ్చింది. తర్వాత భాగస్వామిని చేసింది.

మరుసటి ఏడాది, 1995లో, న్యూయార్క్ టైమ్స్ మళ్లీ సమీక్షకు వచ్చింది. కొత్త విమర్శకురాలు, కొత్త చెఫ్, గోడల మీద పాత చిత్రాలు. నాలుగు నక్షత్రాలూ అలాగే ఉన్నాయి. 1998లో మగీ, రిపేర్ కలిసి రెస్టారెంట్ వంటకాలతో పుస్తకం తెచ్చారు. పలచగా కొట్టిన ట్యూనా, క్యాబేజీతో మాంక్‌ఫిష్ అందులో ఉన్నాయి. జిల్బేర్ చేతిలో ఉన్నది చివరికి కాగితం మీదికి కొంతైనా ఎక్కింది.

తర్వాత తర్వాత రిపేర్ మెనూను మూడు భాగాలు చేశాడు. దాదాపు పచ్చివి, అలా తాకించినవి, తేలిగ్గా వండినవి. మామూలు రెస్టారెంట్లలోలా స్టార్టర్, మెయిన్ కోర్సు అని కాకుండా, వేడి చేపను ఎంత తాకింది అన్నదే కొలమానం. ఆసియా రుచులు వచ్చాయి, కొత్త మసాలాలు వచ్చాయి. జిల్బేర్ వండని వంటకాలే ఇప్పుడు అక్కడ ఎక్కువ. ఆ మూడు శీర్షికలు మాత్రం రంజిస్ షెడ్డులో ఆయన తేల్చుకున్న లెక్కే.

2005 నవంబరులో మిషెలిన్ సంస్థ మొదటిసారి న్యూయార్క్‌కి గైడ్ వేసింది. నగరం మొత్తంలో నాలుగే రెస్టారెంట్లకు మూడు నక్షత్రాలు ఇచ్చింది. వాటిలో లె బెర్నార్డాన్ ఒకటి. అదే నెలలో ఫుల్టన్ చేపల మార్కెట్ బ్రూక్లిన్ వంతెన పక్కనున్న పాత షెడ్లు ఖాళీ చేసి, బ్రాంక్స్‌లోని కొత్త శీతల భవనానికి తరలిపోయింది.